ఇరవై నాలుగు కిలోల తరుగు

పోయినవాటి లెక్క ముందు చెప్తాను. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో మాకు రెండు కడుపులు పోయాయి. ఒకటి నాలుగో నెలలో, ఒకటి ఐదో నెలలో. మూడోసారి నిలిచింది కాని నెలలు నిండడానికి యాభై ఆరు రోజుల ముందే కాన్పయింది. ఆ యాభై ఆరు రోజులు పోయాయి. ఆడపిల్ల. పుట్టినప్పుడు పదిహేను వందల ఇరవై గ్రాములు. మొదటి వారంలోనే అందులో నూట నలభై పోయాయి. సూర్యాపేట దవాఖానలో ముప్పై ఒక్క రోజులు ఉంచుకున్నారు. అందులో మొదటి పదమూడు రోజులు నా భార్య బిడ్డను ఎత్తుకోలేదు, అద్దంలోంచి చూసింది. ఆ పదమూడు కూడా పోయినవాటిలోనే రాసుకోవాలి.

నేను ఇదివరకు ఇట్లా లెక్క చెప్పేవాణ్ణి కాను. మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లులో కాంటా దగ్గర గుమస్తాను. ఏడో తరగతితో బడి మానేశాను. నోటిలెక్కలన్నీ బస్తాల మధ్య కూర్చుని సొంతంగా నేర్చుకున్నవే. మిల్లులో వచ్చినది ముందు రాస్తాం, పోయినది తర్వాత తీసేస్తాం. పోయినదాన్ని ముందు చెప్పడం నేను ఒక మనిషి దగ్గర నేర్చుకున్నాను. ఆ మనిషి మొన్న మంగళవారం పోయింది. ఆమె కొడుకు ఫోను చేసి చెప్పాడు.

ఆమెది మాడుగులపల్లి వైపు ఒక పల్లె. గొర్లు కాసుకుని, ఉన్న కాస్త భూమిలో వరి వేసుకుని బతికిన ఇల్లు. గొర్లు అమ్మేసినాక, మా బిడ్డ దవాఖానలో ఉన్న నెలలో, కొడుకుతో పాటు మిర్యాలగూడ వచ్చి మా ఇంటి వెనక పోర్షన్‌లో కిరాయికి దిగింది. కొడుకు ఒక స్కూలు వ్యాను నడిపేవాడు. ఆమెది అరవై దాటిన వయసు. ఎంత దాటిందో ఆమె చెప్పేది కాదు, తెలియక కాదు.

తన దగ్గర ఉన్నదాన్ని లెక్కపెట్టకపోవడం ఆమె పద్ధతి. ఒకసారి నేనే అడిగాను.

"మందలో ఎన్ని ఉండేవి పెద్దమ్మా?"

"ఉండె."

"అంటే ఎన్ని?"

"ఉండె అంటి గద. ఉన్నదాన్ని లెక్కవెడ్తరా ఎవరన్న?"

"మరి పొద్దుమూకినాక అన్నీ తిరిగొచ్చినయో లేదో ఎట్లా తెలిసేది?"

"మొఖాలు సూస్తం. రానిదాని మొఖం కనవడది."

అదే మనిషిని, రోగమొచ్చిన ఏడాది ఎన్ని చచ్చిపోయాయని అడిగితే తడుముకోకుండా చెప్పింది. "ముప్పై ఒకటి. అందుల నాలుగు కడుపుతోటియి." ఉన్నది లెక్కపెట్టదు, పోయింది మరిచిపోదు. నా లెక్కకు పూర్తిగా తిరగబడ్డ లెక్క అది.

మా మొదటి పరిచయం కూడా పోయినదాని మీదే. సూర్యాపేట నుంచి బిడ్డను ఇంటికి తెచ్చిన రోజు ఆదివారం. నా భార్య శాలువాలో చుట్టిన మూటతో కారు దిగింది. మూటలోంచి ముక్కు మాత్రమే కనిపిస్తోంది. ఈమె గోడ పక్కన నిలబడి ఉంది. దగ్గరికి రాలేదు. మూట వైపు కాదు, నా వైపు చూసింది.

"నువ్వు కాంటా సారువు గదా."

"అవును."

"నా వడ్లల్ల తరుగు కోసినవ్. పన్నెండు బస్తాలు. బస్తకు రెండేసి కిలోలు."

ఈ మాట తెలియనివాళ్ళ కోసం చెప్తాను. వడ్లలో తేమ, తాలు, మట్టి ఉంటాయని బస్తాకు ఇంత అని బరువులోంచి తీసేస్తారు. అదే తరుగు. ఎంత తీయాలో యజమాని చెప్తాడు, రాసేది నేను. సీజన్‌లో రోజుకు ఎన్ని ట్రాక్టర్లు వస్తాయో, అందులో ఏది ఎవరిదో నాకు గుర్తుండదు. ఆమె ముఖం నాకు అస్సలు గుర్తు లేదు. ఆమెకు నా ముఖం గుర్తుంది.

"నాలుగు దినాలు రోడ్డు మీద ఎండవోసిన," అంది. "గింజ కొరికితె టక్కుమనేది. పచ్చిగున్నయని రాశినవ్."

"యజమాని చెప్పినట్టే రాస్తాం పెద్దమ్మా."

"రాశింది నీ చెయ్యి గద."

బిడ్డను ఇంటికి తెచ్చిన రోజు వాకిట్లోనే ఇట్లాంటి మాట పడ్డందుకు నాకు కోపం వచ్చింది. నా భార్య మాత్రం మూటను కొంచెం పైకి ఎత్తి పట్టుకుంది, చూపిస్తున్నట్టు. ఆమె అక్కడి నుంచే మెడ సాచి చూసింది.

"ఎన్నో నెలల పుట్టింది బిడ్డా?"

"ఎనిమిదో నెల పడగానే పెద్దమ్మా. చాలా చిన్నగా ఉంది."

"ఏం తొందరే నీకు," అంది మూటతో. తర్వాత వెనక్కి తిరిగి తన పోర్షన్‌లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి మా బిడ్డ ఆమె నోట్లో 'తొందర్ది' అయింది. మేం పెట్టుకున్న పేరు ఆమె ఒక్కసారి కూడా పలకలేదు.

ఇంట్లో మా పని ఇదీ. రెండు గంటలకు ఒకసారి ముప్పై ఐదు మిల్లీలీటర్ల పాలు, తల్లి పిండిన పాలు, ఉగ్గుగిన్నెతో. రోజుకు పన్నెండు సార్లు. చుక్కల మందులు రెండు. తలకు టోపీ, కాళ్ళకు మేజోళ్ళు. స్నానం లేదు. చూడవచ్చేవాళ్ళు లేరు. రోజులో వీలైనన్ని గంటలు బిడ్డ తల్లి రొమ్ము మీదో నా రొమ్ము మీదో ఒంటికి ఒళ్ళు ఆనించి ఉండాలి. నేను పెద్ద అట్ట మీద గడులు గీసి గోడకు తగిలించాను. మా అత్తగారు కోదాడ నుంచి వచ్చి రెండు వారాలు ఉన్నారు. ఆమెకు ఆ అట్ట నచ్చలేదు. "పసిపిల్లకి నీళ్ళు పోసి సాంబ్రాణి వేయాలి గానీ ఈ గళ్ళేమిటి నాయనా, రైలు టైముల్లాగా," అనేవారు. మామగారికి ఒంట్లో బాగాలేదని కబురొస్తే తిరిగి వెళ్ళిపోయారు. వెళ్తూ చలికాలమని రెండు మందపాటి తువ్వాళ్ళు కొనిచ్చి వెళ్ళారు. ఆ తువ్వాళ్ళ సంగతి తర్వాత వస్తుంది.

తూకం కోసం ఒక చిన్న కాంటా కొన్నాను. దాని మీద స్టీలు పళ్ళెం, పళ్ళెంలో తువ్వాలు, తువ్వాలు మీద బిడ్డ. పళ్ళెం బరువు రెండు వందల తొంభై, తువ్వాలు నూట ఇరవై రెండు. మొత్తం నాలుగు వందల పన్నెండు. వచ్చిన అంకెలోంచి అది తీసేస్తే బిడ్డ బరువు. పళ్ళెం పెట్టినాక సున్నా చేసే మీట ఒకటి ఆ కాంటాకు ఉంది. ఆ మీటను నేను నమ్మలేదు. ఇరవై ఏళ్ళుగా తీసివేత నా చేత్తోనే చేస్తున్నాను. యంత్రం చేసిన తీసివేత కంటికి కనిపించదు.

రోజూ ఉదయం ఏడింటికి తూచేవాణ్ణి. బట్టలన్నీ విప్పి. ఏడో రోజున ఆమె తలుపు దగ్గర నిలబడి చూసింది.

"ఏం జేస్తున్నవ్?"

"తూకం."

"రోజునా?"

"రోజూ."

"చలిల గట్ల బట్టలిప్పి?"

"బట్టల బరువు రాకూడదు కదా పెద్దమ్మా."

"గా పిల్ల తాగిన పాలన్ని వణుకుడికే పాయె. నీ కాంట తాగుతున్నది పాలు, పిల్ల కాదు."

నా భార్య నవ్వింది. ఇంటికొచ్చిన వారం రోజుల్లో అదే మొదటి నవ్వు. నాకు మాత్రం నచ్చలేదు. కాని ఆ మధ్యాహ్నం కాగితం ముందేసుకుని చూస్తే, ఆ వారంలో పెరిగింది నూట నలభై. డాక్టరమ్మ చెప్పినదానికి అంచున ఉంది. సరే, ఆదివారం ఆదివారం మాత్రమే తూస్తానన్నాను. తర్వాతి వారం రెండు వందల పది పెరిగింది. ఆ డెబ్బై గ్రాముల తేడా ఆమె ఖాతాలోదే అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

అట్లా ఆమె మా ఇంట్లోకి వచ్చింది. రోజూ పది గంటలకు వచ్చేది, పన్నెండింటికి వెళ్ళేది. ఆ రెండు గంటలు నా భార్య పడుకునేది. వచ్చీరాగానే మోచేతుల దాకా సబ్బుతో కడిగేది, గొర్రె పాలు పిండే ముందు కడుక్కున్నట్టు. తర్వాత అరచేతులు రెండూ చంకల్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కాసేపు కూర్చునేది. చేతులు వెచ్చబడేదాకా బిడ్డను ముట్టుకునేది కాదు. ఎత్తుకున్నాక రెండు చేతుల మీద ఒక్కసారి పైకీ కిందికీ ఆడించి, కళ్ళు సగం మూసేది. అదే ఆమె తూకం. ఆ తర్వాత బిడ్డ నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసేది. ఆఖరున రొమ్ము మీద వేసుకుని పైన నల్ల గొంగడి కప్పుకునేది.

గొంగడి దగ్గర నా భార్యకు, ఆమెకు ఒక గొడవ.

"ఆ గొంగడి ఉతికిందేనా పెద్దమ్మా?"

"నా లగ్గంల ఇచ్చిండ్రు. ఉతికితె ఖరాబైతది."

"లగ్గం నుంచీ ఉతకలేదా?"

"నన్ను గూడ ఉతుకుతవా ఏంది బిడ్డా?"

చివరికి గొంగడికీ బిడ్డకూ మధ్య ఉతికిన పాత చీర వేయాలని తేలింది. ఆమె చెప్పినవన్నీ సరైనవని నేను రాయను. మేకపాలు నాలుగు చుక్కలు పోస్తే బలమని పట్టుబట్టింది. కళ్ళకు కాటుక పెట్టాలంది. రెండూ వద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది. నా భార్య ఆ మాటే చెప్తే, "మీ డాక్టరమ్మ ఎన్నిట్ని పెంచిందట?" అని రెండు రోజులు రాలేదు. మూడో రోజు పదింటికి వచ్చి, ఏమీ జరగనట్టు చేతులు కడుక్కుంది.

సాయంత్రం నేను మిల్లు నుంచి వచ్చేసరికి ఆమె వాకిట్లో కూర్చుని ఉండేది. రోజూ ఒకటే ప్రశ్న.

"ఇయ్యాల పిల్ల మొఖం సూశినవా?"

"పొద్దున ఐదు మిల్లీలీటర్లు ఎక్కువ తాగింది పెద్దమ్మా."

"పాల ముచ్చట కాదు. మొఖం. ఏ చెవి మీద వెంట్రుకలు ఎక్కువున్నయో చెప్పు."

లోపలికి వెళ్ళి చూసి వచ్చి, ఎడమ చెవి అని చెప్పాను. "సూడకముందు చెప్పాలె," అంది.

ఇంటికొచ్చిన మూడో ఆదివారం. ఉదయం ఏడింటికి తూచాను. పళ్ళెంతో కలిపి రెండు వేల ఏడు వందల ఇరవై రెండు. నాలుగు వందల పన్నెండు తీసేస్తే రెండు వేల మూడు వందల పది. కిందటి ఆదివారం రెండు వేల నూట అరవై. వారంలో నూట యాభై పెరిగింది. తక్కువే, కాని భయపడేంత తక్కువ కాదు. అట్ట మీద రాశాను. నా భార్య మాత్రం, "నిన్నటి నుంచి పాలకు లేవట్లేదండీ, నేనే లేపాల్సి వస్తోంది," అంది. బరువు పెరుగుతోంది కదా, నిద్ర పట్టి ఉంటుంది అన్నాను. ఆ మాట అన్నది నేనే. దాన్ని ఇక్కడ రాయకుండా వదిలేయడానికి లేదు.

ఆ రోజు ఆమె పదింటికి కాక ఎనిమిదింటికే వచ్చింది. కొడుక్కి సెలవు కాబట్టి పొద్దున్నే వంట పని లేదట. చేతులు కడుక్కుని, వెచ్చజేసుకుని, బిడ్డను ఎత్తుకుంది. ఒకసారి ఆడించింది. మళ్ళీ ఆడించింది. రెండోసారి ఆడించడం నేను ఎన్నడూ చూడలేదు. తర్వాత మేజోళ్ళు తీసి పాదాలు పట్టుకుంది.

"ఇది పెరగలే," అంది.

"నూట యాభై పెరిగింది. ఇప్పుడే తూచాను."

"పెరగలే సారూ. పాదాలు సల్లగున్నయ్. ఏడుపు ఇన్నవా ఇయ్యాల? సన్నగైంది. పోయేదాని గొంతు గట్లనే సన్నగైతది."

"పెద్దమ్మా, నేను కాంటాలో చూసి చెప్తున్నా."

ఆమె నా వైపు చూడలేదు. కాంటా వైపు చూసింది. పళ్ళెంలో తువ్వాలు ఇంకా అట్లాగే ఉంది.

"తరుగు ఎంత తీసినవ్?"

"నాలుగు వందల పన్నెండు. ఎప్పుడూ అంతే."

"గా తువ్వాల ఎప్పటిదేనా?"

నేను తువ్వాలు వైపు చూశాను. అది మా అత్తగారు ఇచ్చిన మందపాటిది. పాతది ఉతికి ఆరేసి నా భార్య ఆ ఉదయం దీన్ని పరిచింది. నేను దాని మీదే బిడ్డను పెట్టాను, అంకె చూశాను, పాత తరుగు తీశాను.

"మా వడ్లకు గూడ గిదే జేస్తిరి," అంది ఆమె. కోపంగా కాదు, మామూలుగా. "మొదటి బస్త ఒక్కటి సూసి పన్నెండింటికి ఒకటే కోస్తిరి. కడమయి ఎండినయో పచ్చియో ఎవ్వరు సూడలే."

పళ్ళెం, తువ్వాలు మాత్రమే కాంటా మీద పెట్టాను. ఐదు వందల ముప్పై రెండు. నూట ఇరవై ఎక్కువ. నేను పెరిగిందని రాసిన నూట యాభైలో నూట ఇరవై తువ్వాలుది. ఏడు రోజుల్లో నా కూతురు పెరిగింది ముప్పై గ్రాములు. చేతిలో పెన్ను ఉంది కాని అట్ట మీద అంకె దిద్దలేదు. ముందు సూర్యాపేట డాక్టరమ్మకు ఫోను చేశాను. వెంటనే తెమ్మంది.

ఆదివారం కాబట్టి స్కూలు వ్యాను ఇంటి ముందే ఉంది. ఆమె కొడుకు ముఖం కూడా కడుక్కోకుండా బండి తీశాడు. బిడ్డను నా భార్య రొమ్ము మీద వేసుకుంటే ఆమె గొంగడి తీసి ఇద్దరి చుట్టూ కప్పింది. మధ్యలో చీర వేయడం ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. దారంతా ఆమె చెయ్యి గొంగడి లోపల బిడ్డ వీపు మీదే ఉంది. బిడ్డ మూలిగినప్పుడల్లా "ఉన్నది," అనేది. మాకు చెప్తున్నట్టు కాదు, ఎవరికో హాజరు చెప్తున్నట్టు. గంట పైన పట్టింది. ఉన్నదాన్ని లెక్కపెట్టని మనిషి ఆ దారిలో ఎన్నిసార్లు "ఉన్నది" అందో నేను లెక్కపెట్టలేదు. నా జీవితంలో నేను లెక్కపెట్టకుండా వదిలిన అంకె అదొక్కటే.

దవాఖానలో పరీక్షలు చేశారు. నెత్తురులోకి ఇన్ఫెక్షన్ ఎక్కుతోందన్నారు. తొమ్మిది రోజులు ఉంచుకున్నారు. రెండో రోజు డాక్టరమ్మ నన్ను పిలిచి అడిగింది.

"జ్వరం కూడా లేదు కదా, ఎట్లా గుర్తుపట్టారు? రేపు చూద్దామని ఆగితే చేయి దాటిపోయేది."

నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి ఆమె అంది: "తరుగు కనవడ్డది డాక్టరమ్మా."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. వివరంగా చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ తొమ్మిది రోజుల్లో ఐదో రోజున మా బిడ్డ అసలు పుట్టాల్సిన తేదీ వచ్చింది. ఆ సంగతి నాకొక్కడికే గుర్తుంది. రావాల్సిన రోజున ఆ పిల్ల మళ్ళీ అద్దాల పెట్టెలోనే ఉంది. ఆ మధ్యాహ్నం మొదటిసారి, ఎవరూ లేపకుండా, పాల కోసం ఏడ్చింది. గొంతు సన్నగా లేదు.

ఇంటికొచ్చిన తర్వాత ఆమె ఆ ఆదివారం గురించి ఎత్తలేదు. నేనే ఉండబట్టలేక ఒక సాయంత్రం వాకిట్లో అన్నాను.

"పెద్దమ్మా, ఆ రోజు మీ వడ్లకు నేను ఒక్క బస్తాకే తేమ మిషను పెట్టి చూసుంటాను. రద్దీలో అట్లా చేస్తాం. పన్నెండింటికీ చూడాల్సింది."

"ఇప్పుడు గుర్తొచ్చిందా?"

"గుర్తు రాలేదు. చేసే పద్ధతి తెలుసు కాబట్టి చెప్తున్నా. ఇరవై నాలుగు కిలోల బియ్యం తెచ్చిస్తాను. సన్నబియ్యం."

"బియ్యం నాకెందుకు, నేనడిగిన్నా?" అంది. ఒళ్ళో తొందర్ది కాళ్ళు ఆడిస్తోంది. మూడు కిలోలు దాటింది అప్పటికి. ఆమె దాన్ని ఒకసారి పైకి ఆడించి, కళ్ళు సగం మూసి తెరిచింది.

"వడ్లు పోయినయ్, పోనీ. దీన్తోని కట్టు."

"దీనితోనా?"

"నువ్వు కోసినంత బరువు కావాలె ఇది. ఇరవై నాలుగు. అయిన దినం తెచ్చి నా ఒళ్ళె ఎయ్యి. అప్పుడు చెల్లు. అందాక నువ్వు బాకీ."

"ఏడెనిమిదేళ్ళు పడుతుంది పెద్దమ్మా."

"నాకేం తొందర. తొందర దీనిది."

నా భార్య గడప దగ్గర నిలబడి వింటోంది. "గౌనుతో కలిపి తూస్తారేమో, ఈయన్ని నమ్మకండి పెద్దమ్మా," అంది.

"తెలుసు బిడ్డా. గౌను ఇప్పి సూస్త."

ఆ మరుసటి వేసవికి వాళ్ళు పోర్షన్ ఖాళీ చేసి పల్లెకు వెళ్ళిపోయారు. కొడుకు మళ్ళీ గొర్లు కొన్నాడు. ఎన్ని కొన్నాడని నేను అడగలేదు.

ఏటా ఎండాకాలం, యాసంగి వరి కోతలయ్యాక బిడ్డను తీసుకుని వెళ్ళేవాళ్ళం. మాడుగులపల్లి దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. వెళ్ళే రోజు ఉదయమే ఇంట్లో తూచేవాణ్ణి. గౌను విడిగా, చెప్పులు విడిగా తూచి, అవి తీసేసి కాగితం మీద రాసుకునేవాణ్ణి. ఆమె కాగితం అడిగేది కాదు. బిడ్డను ఎత్తి, ఆడించి, కళ్ళు సగం మూసి, "ఇంకా బాకీనే ఉన్నవ్," అనేది. బిడ్డకు మొదట భయంగా ఉండేది, తర్వాత అదొక ఆటైంది. మూడో ఏడు తానే చేతులు పైకెత్తి, "బాకీ చూడు అవ్వా," అని నిలబడింది.

మిల్లులో నేను ఒక మార్పు చేశాను. ప్రతి బస్తాకూ మిషను పెట్టి చూస్తున్నాను. వరుస ఆలస్యమవుతోందని యజమాని రెండుసార్లు అన్నాడు. ట్రాక్టర్ల వాళ్ళు కూడా విసుక్కుంటారు, "ఏంది సారూ, దవాఖానల పరీక్షలెక్క," అంటారు. నేను మార్చుకోలేదు. ఇది గొప్ప చెప్పుకోవడానికి కాదు. తరుగు తీయడం మానలేదు, ఎంత తీయాలో చూసి తీస్తున్నాను, అంతే.

ఈ ఏడు కోతలయ్యాక వెళ్ళినప్పుడు ఆమె మంచం మీద కూర్చుని ఉంది. మణికట్లు వాచి ఉన్నాయి. తొందర్ది ఎప్పటిలాగే చేతులెత్తి నిలబడింది. ఆమె చేతులు చాచి, రెండు చంకల కింద పట్టుకుని, ఎత్తబోయి ఆగింది. మళ్ళీ పట్టుకుంది. పిల్ల కాళ్ళు నేల వదల్లేదు.

"బరువైంది," అన్నాను. "పదిహేను కిలోల తొమ్మిది వందలు."

"అది కాలే," అంది. "నా చేతులు తరిగినయ్."

పిల్లే మంచమెక్కి ఆమె ఒళ్ళో కూర్చుంది. ఆమె తన అరచేతులు చంకల్లో పెట్టుకుని కాసేపు వెచ్చజేసుకుంది. ఎండాకాలం, అవసరం లేదు. తర్వాత పిల్ల ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని ఎడమ చెవి వెనక్కి మడిచి చూసింది.

"ఏ చెవి మీద ఉంటుండె సారూ వెంట్రుకలు?"

"ఎడమ," అన్నాను, చూడకుండా.

"ఆఁ," అంది. అంతే. ఆమె నన్ను మెచ్చుకున్నట్టు నాకు గుర్తున్నది అదొక్కసారి.

మంగళవారం ఫోను వచ్చినాక మేం ముగ్గురం వెళ్ళాం. అన్నీ అయిపోయాక కొడుకు నా పక్కన కూర్చున్నాడు. గొంగడి ఎటు పోయిందని అడిగాను. ఆమెతోనే పంపామన్నాడు. గొంగడి సంగతి తర్వాత వాడే చెప్పాడు.

"మా అక్క ఒకామె ఉండెనంట సారూ, నాకంటె ముందు. ఏడో నెల్ల పుట్టిందంట. గా గొంగడిలనే పెట్టుకొని తిరిగిందంట అమ్మ."

"ఎన్ని రోజులు ఉంది?"

"అదే ఎన్నడు చెప్పలే. చచ్చిపోయిన గొర్లన్ని లెక్కజెప్పేది గని, అదొక్కటి అడిగితె లేచిపోయేది."

ఆమె పోయినవాటి లెక్కలో ఒక అంకె లేదని నాకు అప్పుడే తెలిసింది.

మేం లేచి బయల్దేరుతుంటే కొడుకు గుమ్మం దాకా వచ్చాడు. పాత సంగతి వాడికీ తెలుసు. "ఇగ మీ బాకీ ఖతమే గద సారూ," అన్నాడు, నన్ను తేలిక చేయడానికి. నేను తల ఊపలేదు. ఇవ్వాల్సినదాన్ని తీసుకునేవాళ్ళు లేరని కొట్టేయడం నాకు తెలిసిన లెక్కలో లేదు.

నిన్న ఆదివారం. ఉదయం ఏడింటికి కాంటా తీశాను. పాత చిన్న కాంటా కాదు, అది ఈ బరువు పట్టదు. మిల్లు నుంచి తెచ్చినది. గౌను, చెప్పులు, చేతి గాజులు విడిగా తూచి తీసేశాను. రెండోసారి చూసుకున్నాను. పదహారు కిలోల మూడు వందల యాభై. ఇరవై నాలుగులో అది పోగా, ఆమెకు నేను ఇంకా ఇవ్వాల్సింది ఏడు కిలోల ఆరు వందల యాభై గ్రాములు.